పెనుమూడి మామకి కృతజ్ఞతలు

గురునాథం తిట్లకి తెనాలిలో మంచి పేరుంది. వంటకి అంతకంటే మంచి పేరుందని ఆయన నమ్మకం. ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ గుండిగలు దింపుతున్న వంటమేస్త్రి. ఆయన గుత్తివంకాయ తిని రెండోసారి వేయించుకోని మనిషి తెనాలి నుంచి రేపల్లె దాకా లేడు. అయినా ఆ ముప్పై ఏళ్ళలో ఒక్కడంటే ఒక్కడు పొయ్యి దగ్గరికొచ్చి బాగుందన్న పాపాన పోలేదు. తిన్నవాడు చెయ్యి కడుక్కుని, తాంబూలం సంచి చంకన పెట్టుకుని, పెళ్ళికూతురి తండ్రిని పొగిడి పోతాడు. పొయ్యి దగ్గరికి ఎవడైనా వచ్చాడంటే చారులో ఉప్పు తగ్గిందని చెప్పడానికే. లోకం తీరు అది. చేసినవాడికి చెమట, పెట్టినవాడికి పేరు.

అందుకని లోకాన్ని తిట్టడం తన హక్కని గురునాథం అనుకునేవాడు. లోకమంతా చేతికి అందదు గనక, అందిన ఏసుబాబుని తిట్టేవాడు.

ఏసుబాబు అన్నం గుండిగ చూసుకునేవాడు. ఇరవై రెండేళ్ళుగా గురునాథం దగ్గరే పని. మాట తక్కువ, నిద్ర ఎక్కువ. కూరలు తరగడానికీ గారెలు తీయడానికీ చెంచమ్మ ఉండేది. ఆవిడకి అరవై దాటాయి. ఆవిడనీ తిట్టేవాడు గానీ, ఆవిడ ఒకటికి రెండు తిరిగి ఇస్తుంది కాబట్టి అక్కడ కాస్త జాగ్రత్తగా ఉండేవాడు.

వేసవి పెళ్ళిళ్ళు మొదలవబోతుండగా ఒకరోజు గురునాథం స్నానాల గదిలో కళ్ళు తిరిగి, బక్కెట్టు పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళితే బీపీ నూట తొంభై చూపించింది. డాక్టరు ఆ మిషన్‌ని నమ్మక ఇంకోటి తెప్పించాడు. అది నూట తొంభై రెండు చూపించింది.

"పొయ్యన్నా మానెయ్యాలి, కోపమన్నా మానెయ్యాలి" అన్నాడు డాక్టరు.

"పొయ్యి మానేస్తే కోపం ఇంకా పెరుగుద్ది సార్."

భార్య నాగజ్యోతి పక్కనే ఉంది. ఇంటికొచ్చాక గురునాథం గంటె తీసుకుంది. అది మామూలు గంటె కాదు. నాలుగడుగుల కాడతో, ఆయనకి పని నేర్పిన గురువు చేతి నుంచి వచ్చిన ఇనప గంటె. దాన్ని బీరువాలో పట్టుచీరల మధ్య ఐమూలగా ఇరికించి తాళం వేసింది. తాళంచెవి బొడ్డులో దోపుకుంది.

"బీపీ నూట యాభై లోపుకి దిగిన రోజున ఇది బయటికొస్తుంది" అంది.

"దిగకపోతే?"

"కూర్చుని టీవీ చూద్దురు గాని."

గురునాథం బీరువా కేసి చూశాడు. ఏడో తరగతిలో బడి మానేసినప్పటి నుంచీ ఆయన చేతికి తెలిసిన పని ఒక్కటే. గంటె లేని గురునాథం అంటే బజారులో ఇంకో బట్టతల మనిషి, అంతే.

దానికి విరుగుడు నాగజ్యోతి తమ్ముడి కూతురు మేఘన చెప్పింది. ఆ అమ్మాయి మనసు బాగోలేనివాళ్ళకి సలహాలు చెప్పే ఉద్యోగం చేస్తుంది. లాంగు నోట్సు ఒకటి తెచ్చి మావయ్య ముందు పెట్టింది.

"రోజూ పొద్దున్నే మూడు విషయాలు రాయి మావయ్యా. నీకు జరిగిన మంచి, చేసిన మనుషులు. వాళ్ళకి కృతజ్ఞతలని రాయి, కనపడితే నోటితో చెప్పు. నెల రోజులు ఎవర్నీ తిట్టకూడదు. రాసేది నిజమై ఉండాలి. ఊరికే రాస్తే పనిచేయదు."

"ఈ నోట్సుతో బీపీ దిగుద్దా?"

"మాత్రలతో దిగుతుంది. ఇది ఉంటే మళ్ళీ ఎక్కదు."

మొదటిరోజు గురునాథం అరగంట పెన్ను పట్టుకుని కూర్చుని రాశాడు: "ఒకటి. కరెంటు పోలేదు." రాస్తూ ఉండగానే పోయింది. కొట్టేశాడు. రెండోరోజు: "బావమరిది రాలేదు." మేఘన చదివి, "అది మా నాన్న గురించి" అంది. మూడోరోజు: "ఇడ్లీ మెత్తగా ఉంది. ఎవరికి థాంక్స్ చెప్పాలో తెలియలేదు." ఇడ్లీ వండిన నాగజ్యోతి ఆ పూట మధ్యాహ్నం భోజనంలోకి కూర చేయలేదు. నాలుగోరోజు మొదటి మాట ఆవిడ పేరే.

రెండు వారాలకి బీపీ నూట అరవై ఐదుకి వచ్చింది. అప్పుడే రేపల్లెలో నాగమల్లేశ్వరరావు గృహప్రవేశం తగిలింది. రెండువందల యాభై మంది భోజనం. నాగజ్యోతి గంటె బయటికి తీసి, "ఒక్కపూటకి ఇస్తున్నా. నోరు జాగ్రత్త" అంది.

గురునాథం చాలా జాగ్రత్తగా ఉన్నాడు. రేపల్లెలో గ్యాసు పొయ్యి వెలిగించగానే చేతులు కట్టుకుని నిలబడి, "ఏసుబాబు గారూ, మీ సేవలకి నా హృదయపూర్వక కృతజ్ఞతలు" అన్నాడు.

ఏసుబాబు చేతిలోని బియ్యం చేట ఆగిపోయింది. చెంచమ్మ కత్తిపీట మీద నుంచి తలెత్తింది.

"ఏమైందిరా ఈయనకి? మందు ఎక్కువేశారా?"

"చెంచమ్మగారూ, తమరికి కూడా."

"తమరేంటి తమరు. నేనేం చేశానని" అని ఆవిడ భయపడి వంకాయ పక్కన పెట్టేసింది.

ఆ తర్వాత మూడు గంటలపాటు పొయ్యి దగ్గర ఒక్క పెద్ద మాట లేదు. నూనె చిటపట తప్ప వేరే చప్పుడు లేదు. గురునాథం చిరునవ్వు తెచ్చిపెట్టుకుని, నోట్సులో రాసినవి మనసులో నెమరేసుకుంటూ, ఆకాశం కేసి చూస్తూ గంటె తిప్పాడు. పన్నెండింటికి మూతలు తీస్తే అన్నం సంకటయింది. గారెలు బొగ్గులయ్యాయి.

నాగమల్లేశ్వరరావు ఒక ముద్ద చేతిలోకి తీసుకుని గోడకేసి చూపించాడు. "మేస్త్రి గారూ, ఇల్లు కట్టినప్పుడు చెబితే సిమెంటు మిగిలేది కదండి."

"ఎత్తిపొడిచినందుకు కృతజ్ఞతలండి" అన్నాడు గురునాథం. నోట్సు నేర్పిన పాఠం అది. నాగమల్లేశ్వరరావుకి మాత్రం అది వెటకారంగా వినపడింది. రేపల్లె నుంచి తెనాలికి కబురు పాసింజరు కంటే ముందు చేరింది.

పాసింజరులో ముగ్గురూ ఎదురెదురుగా కూర్చున్నారు. భట్టిప్రోలు దాటింది.

"ఇరవై రెండేళ్ళు" అన్నాడు గురునాథం చివరికి. "ఇరవై రెండేళ్ళలో ఒక్కసారన్నా అన్నం ముద్దయిందా ఏసుబాబూ? ఇవ్వాళేంటి?"

ఏసుబాబు కిటికీలోంచి చూశాడు. "మీరు తిట్టలేదు కదండి."

"తిట్టకపోతే?"

"నాకెట్టా తెలుస్తుందండి ఎప్పుడు వార్చాలో?"

గురునాథానికి అర్థం కాలేదు. ఏసుబాబు బతుకులో మొదటిసారి వరుసగా పది మాటలు మాట్లాడాడు.

"మీరు ముందు నా నిద్రని తిడతారండి. అప్పుడు ఎసరు మరుగుతూ ఉంటుంది, నేను బియ్యం పోస్తాను. తర్వాత నా బండిని తిడతారు, తోస్తే గానీ కదలదని. అప్పుడు మంట తగ్గిస్తాను. తర్వాత పెనుమూడి వెళతారు, మా మామ దగ్గరికి. పడవ ఇస్తానని పిల్లనిచ్చి తెడ్డు కూడా ఇవ్వలేదని తిడతారు చూడండి, ఆ తెడ్డు అన్నప్పుడు వారుస్తాను. ఎప్పుడూ తేడా రాలేదండి."

"గడియారం చూసుకోవచ్చు కదరా."

"గడియారానికేం తెలుసండి. పాతబియ్యం అయితే మీరు బండి దగ్గర ఎక్కువసేపు ఉంటారు. కొత్తబియ్యం అయితే గబగబా పెనుమూడి వెళ్ళిపోతారు."

చెంచమ్మ తమలపాకుకి సున్నం రాస్తూ అంది: "నా గారెలకీ అంతేగా. నీ కళ్ళు కళ్ళా కాకరకాయలా అంటాడు, తిప్పుతాను. ముసలిదానా అంటాడు, తీస్తాను. ఇవ్వాళ తమరూ తమరూ అంటుంటే ఏం తీయను, నా తలకాయ?"

గురునాథం వేమూరు దాకా ఆలోచించాడు. తను ఇరవై రెండేళ్ళుగా ఏసుబాబుని తిడుతున్నానని అనుకున్నాడు. కళ్ళేమో గుండిగలో ఉన్నాయన్నమాట. ఆవిరి పైకి లేస్తే గొంతు పైకి లేచింది. నురగ పొంగితే మాట పొంగింది. నోట్సు పుణ్యమా అని ఇవ్వాళ ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. గుండిగ దాని దారిన అది పోయింది.

బండి దిగేటప్పుడు ఏసుబాబు నెమ్మదిగా అన్నాడు: "బాపట్ల పెళ్ళికి కొంచెం తిట్టండి మేస్త్రీ. ఆరొందల మంది."

"తిడితే గంటె పోద్దిరా."

బాపట్ల పెళ్ళి నెల చివర. పెళ్ళికూతురి తండ్రి పురుషోత్తం, రిటైరైన లెక్కల మేష్టారు. రేపల్లె సంగతి విని తెనాలి వచ్చాడు. గురునాథం ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు.

"గురునాథం గారూ, మీ గుత్తివంకాయ మీద నమ్మకంతో వంట మీకిచ్చాను. ఇప్పుడు మా ఆవిడ చీరాలవాళ్ళని చూడమంటోంది. నేనొక మాట అనుకున్నాను. పెళ్ళిరోజు పొయ్యి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మొదటి వాయి అన్నం సరిగా రాలేదా, చీరాల ఫోన్ చేస్తాను. వాళ్ళు వండి సిద్ధంగా ఉంచుతారు."

నాగజ్యోతి లోపల్నుంచి వింది. పురుషోత్తం వెళ్ళాక బయటికొచ్చి తన మాట తను చెప్పింది. "నేనూ బాపట్ల వస్తున్నా. గంటెతో పాటు బీపీ మిషన్ తెస్తున్నా. వంటయ్యాక నూట యాభై దాటిందంటే ఆ గంటె పాతసామాను వాడికి వేసేస్తా."

"ఆరొందల మందికి తిట్టకుండా ఎట్టా వండమంటావే?"

"ముప్పై ఏళ్ళు మిమ్మల్ని తిట్టకుండా నేను వండలేదా?"

గురునాథం ముందు ఫోనులో అలారం పెట్టి ఇంటి పెరట్లో రెండుసార్లు వండి చూశాడు. ఒకసారి గ్యాసు తక్కువై పలుకయింది. ఇంకోసారి బియ్యం కొత్తవై జావయింది. అలారం రెండుసార్లూ ఒకే పాట పాడింది. దానికి ఏసుబాబు మామతో పరిచయం లేదు మరి.

పెళ్ళిరోజు పొద్దున బాపట్ల బండిలో గురునాథం ఒక నిర్ణయానికి వచ్చాడు. దారి మార్చకూడదు, సరుకు మార్చాలి. నిద్ర, బండి, పెనుమూడి. అదే వరుస, అదే గొంతు. తిట్టు ఉన్నచోట కృతజ్ఞత పెట్టాలి. మేఘన చెప్పినట్టు నిజమైనదే పెట్టాలి. అబద్ధానికి గొంతు లేవదని ఆయనకి రేపల్లెలోనే తెలిసింది.

చీరాల రోడ్డులో కళ్యాణమండపం. వెనకవైపు రేకుల కింద పొయ్యిలు. పురుషోత్తం పట్టుపంచెతో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు. కొంచెం ఎడంగా నాగజ్యోతి ఇంకో కుర్చీలో, బుట్టలో బీపీ మిషన్‌తో. మండపంలో సన్నాయి వినపడుతోంది. గురునాథం గంటె పట్టుకుని గుండిగ ముందు నిలబడ్డాడు. ఎసరు కాగింది. బుడగలు లేచాయి. గొంతు దానంతటదే లేచింది.

"ఒరేయ్ ఏసుబాబూ, నిద్రమొహం..."

నాగజ్యోతి బుట్టలో చెయ్యి పెట్టింది.

"...మొహమే నీది, కాదన్ను. ఎక్కడ ఒరిగితే అక్కడ గుర్రు పెడతావు. కానీ ఇరవై రెండేళ్ళలో నాకంటే ముందు పొయ్యి దగ్గరికి రాని రోజు ఒక్కటి చూపించరా. నా చెయ్యి కాలిన నెల నువ్వే తిప్పావు గంటె. ఎవరికన్నా చెప్పావా? నేను చెప్పానా? అందుకురా నీకు కృతజ్ఞతలు."

రేకులు మోగాయి. లోపల సన్నాయి ఒక్క క్షణం ఆగి మళ్ళీ అందుకుంది. ఏసుబాబు బియ్యం పోశాడు. పోస్తూ ఒకసారి భుజంతో కన్ను తుడుచుకున్నాడు. ఆవిరి వల్ల అయ్యుండొచ్చు.

పురుషోత్తం కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని చెంచమ్మని అడిగాడు. "ఏంటమ్మా, వీళ్ళిద్దరికీ గొడవేమన్నా ఉందా?"

"వంట జరుగుతోంది బాబూ. మధ్యలో మాట్లాడకండి."

"ఇక నీ బండి" అన్నాడు గురునాథం, గుండిగలోకి వంగి. "నీ దిక్కుమాలిన బండి. తొయ్యనిదే కదలదు. దాన్ని తొయ్యబట్టే ఈ వయసులో నా మోకాళ్ళు పనిచేస్తున్నాయి. మన వీధిలో నరసింహం ఉన్నాడే, కొత్త బండి కొనుక్కుని కుంటుతున్నాడు. నీ బండికి కృతజ్ఞతలురా. దాని సైలెన్సరుకి కూడా."

ఏసుబాబు మంట తగ్గించాడు. పక్కపొయ్యి మీద చెంచమ్మ బాణలిలో గారెలు ఎర్రబడుతున్నాయి.

"చెంచమ్మా, నీ కళ్ళున్నాయే, కాకరకాయలు. ఆ కాకరకాయలతోనే వంకాయలో పురుగుని గోడవతల నుంచి పట్టేస్తావు. కృతజ్ఞతలు."

ఆవిడ గారెలు తిప్పింది. "ఇందాకటి నుంచీ నా వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా" అంది.

అన్నం ఉడికొచ్చింది. నురగ అంచు దాకా లేచింది. ఏసుబాబు తడిగుడ్డలు చేతులకి చుట్టుకుని గుండిగ చెవులు పట్టుకున్నాడు.

"ఇక నీ మామ" అన్నాడు గురునాథం.

అని ఆగిపోయాడు.

"పెనుమూడిలో ఉన్నాడే, నీ మామ..."

మళ్ళీ ఆగాడు. పొద్దున బండిలో ఇంతవరకూ ఆలోచించేసరికి బాపట్ల వచ్చేసింది. మామ సంగతి పొయ్యి దగ్గర చూసుకుందామనుకున్నాడు. ఇప్పుడు ఎంత వెతికినా ఆ మనిషిలో ఒక్క మంచి కనపడలేదు. పిసినారి. మాట మీద నిలబడడు. పెళ్ళికెళితే విస్తరి కింద కూడా వెతుకుతాడు.

"మేస్త్రీ, కానివ్వండి" అన్నాడు ఏసుబాబు.

"ఉండరా. వెతుకుతున్నా."

"పొడుగ్గా ఉంటాడు, అది చెప్పేయండి."

"నువ్వే వార్చెయ్యరాదా?"

"చేతులు రావట్లేదండి. రేపల్లెలో నా అంతట నేను వారిస్తే ఏమైందో చూశారుగా."

నురగ పొంగి గుండిగ పక్కన చుయ్యిమంది. పురుషోత్తం ఫోను తీసి చీరాల నంబరు వెతుకుతున్నాడు. నాగజ్యోతి కుర్చీలోంచి లేచింది.

"మనిషన్నాక ఒక్క మంచన్నా ఉండదా అండి?"

"నీకు ఆయన తెలీదు" అన్నాడు గురునాథం. చెమట గడ్డం మీద నుంచి కారుతోంది. "ఒరేయ్, ఆ పడవ నీకిస్తానన్నాడు కదా?"

"అన్నాడండి."

"ఇవ్వలేదు కదా?"

"రేవులో తనే నడుపుకున్నాడండి, వారధి పడిందాకా."

"ఇచ్చుంటే ఏం చేసేవాడివి?"

"పడవ వేసుకుని పెనుమూడిలోనే ఉండేవాణ్ణండి."

"మరి నా దగ్గరికి?"

"మీ దగ్గరికి నేనెందుకొస్తానండి" అన్నాడు ఏసుబాబు, గుండిగ చెవులు వదలకుండా. "పడవుండగా తిట్లు తినడానికి తెనాలి వస్తానా?"

గురునాథం గంటె పైకెత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. ఇరవై రెండేళ్ళు ఆ ముసలాణ్ణి తిట్టాడు. తిట్టిన ప్రతిసారీ ఎదురుగా ఏసుబాబు నిలబడే ఉన్నాడు. ఎందుకున్నాడో ఒక్కసారి కూడా తట్టలేదు.

"అయితే ఆయనకి వెయ్యి దండాలురా" అని అరిచాడు. ముప్పై ఏళ్ళలో అంత గొంతు ఎప్పుడూ పెట్టలేదు. "ఆ మహానుభావుడు నీకు పడవ ఇవ్వకపోబట్టి నువ్వు నాకు దక్కావు. పడవ కాదు, తెడ్డు కూడా ఇవ్వలేదు చూడు, అందుకు కృతజ్ఞతలు. వార్చరా."

తెడ్డు అన్న మాట పడగానే ఏసుబాబు చేతులు కదిలాయి. గంజి తెల్లగా కాలవలోకి పారింది. చెంచమ్మ తనని ముసలిదానా అనేదాకా ఆగకుండా గారెలు తీసేసింది. పురుషోత్తం లేచొచ్చి నాలుగు మెతుకులు చేతిలో వేసుకున్నాడు. ఒకదానికొకటి అంటుకోలేదు. లెక్కల మేష్టారు గనక రెండోసారి నాలుగు తీసి చూశాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

నాగజ్యోతి మొగుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి చేతికి పట్టీ చుట్టింది. మిషన్ బుసబుసమంది. నూట నలభై ఆరు. నమ్మక ఇంకోసారి చుట్టింది. నూట నలభై నాలుగు.

"అంత అరిచారు కదండి" అంది.

"అరవడం వేరు, తిట్టడం వేరు" అన్నాడు గురునాథం. ఆ సంగతి ఆయనకీ ఇప్పుడే తెలిసింది.

ఆవిడ బొడ్డులోంచి తాళంచెవి తీసి చూసి, మళ్ళీ దోపుకుంది. "గంటె ఇంక గోడకి తగిలించుకోండి. నా పట్టుచీరలకి నూనె మరకలయ్యాయి."

రెండు పంక్తులు లేచాక పురుషోత్తం చెయ్యి తుడుచుకుంటూ పొయ్యి దగ్గరికి వచ్చాడు. గురునాథం లేచి నిలబడ్డాడు.

"ఉప్పు తగ్గిందాండి?"

"లేదే."

"చారు పలచనైందా?"

"బాగుంది. అన్నీ బాగున్నాయి."

"మరి ఏం కావాలండి?"

"ఏం వద్దు. బాగుందని చెబుదామని వచ్చాను."

గురునాథం ఎటు చూడాలో తెలియక గుండిగలోకి చూశాడు. ఇన్నేళ్ళూ ఈ మాట ఎవడన్నా అంటే ఏమనాలో నాలుగైదు జవాబులు తయారుచేసి పెట్టుకున్నాడు. ఒక్కటీ నోటికి రాలేదు. "వంకాయ వేయించుకున్నారా?" అన్నాడు.

"రెండుసార్లు."

సాయంత్రం సామాను కడిగి ఆటోలోకి ఎక్కిస్తుంటే, ఏసుబాబు ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. మాట్లాడటం అయ్యాక తల గోక్కుంటూ వచ్చాడు.

"మా మామకి చెప్పానండి. మీరు వెయ్యి దండాలు పెట్టారని."

"ఎందుకు చెప్పావురా?"

"కృతజ్ఞతలు మనిషికి చెప్పాలని మేఘనమ్మగారు మీతో అన్నారంట కదండి."

"ఏమన్నాడు?"

ఏసుబాబు కొంచెం దూరం జరిగాడు. "పడవ ఇవ్వకపోవడం వెనకాల ఇంత ఆలోచన ఉందని మీకు ఇప్పుడా తెలిసిందీ అన్నాడండి. అంత మేలు చేసిన మనిషిని పెళ్ళి భోజనానికి పిలవలేదేంటని అడిగాడు."

గురునాథం చెవులు ఎర్రబడ్డాయి. మెడ మీద నరం లేచింది. నోరు తెరిచాడు. ఆటో ముందుసీట్లో నాగజ్యోతి వెనక్కి తిరగకుండానే బుట్టలో చెయ్యి పెట్టింది. బీపీ పట్టీ చర్రుమని ఊడదీసిన చప్పుడు వినపడింది.

ఆయన నోరు మూశాడు. కాసేపాగి మళ్ళీ తెరిచాడు.

"వచ్చే పెళ్ళికి రమ్మని చెప్పు" అన్నాడు. "పొయ్యి పక్కనే కుర్చీ వేస్తాను. ఎదురుగా ఉంటే అన్నం ఇంకా బాగా కుదురుద్ది."